ఎడమ జడ

లీసమ్మా,

నీకు తెలుగు చదవరాదు. ఇప్పుడు నువ్వే లేవు. అయినా రాస్తున్న.

ములకలపల్లి దిక్కు అనాథాశ్రమంల ఉన్న ఇద్దరు అక్కచెల్లెండ్లను సాదుకుందామని మీ ఆలుమగలు మీ దేశం నుంచి వచ్చి, ఖమ్మంల మా ఇంట్ల కిరాయికుండి, దత్తత కాగితాల కోసం ఏడాది ఎదురుచూసిండ్రు. పేన్లు పడ్తయని ఆశ్రమంల ఆడపిల్లలకు జుట్టు కత్తిరిస్తరు గదా. మీ దగ్గరికి వచ్చి జుట్టు పెరిగినంక వాళ్లకు వెయ్యాలని నువ్వు రోజూ నా తలమీద రెండు జడలు నేర్చుకున్నవ్. ఎడమది ఎప్పుడూ బిగుతే.

కాగితాలు రాలే. మీరు వాపస్ పోయిండ్రు. నువ్వు చనిపోయినవని మొన్న మీ ఆయన రాసిండు.

ఇయ్యాల ఆ ఇద్దర్ల పెద్దది హైస్కూల్ల చేరింది. అక్కడ రెండు జడలుండాలెనని ఏడాదిసంది జుట్టు పెంచనిచ్చిండ్రు. పొద్దున ఆశ్రమానికి పోయి నేనే వేసిన.

"అమ్మమ్మా, ఎడమది గుంజుతుంది, వదులు చెయ్యి," అన్నది.

"ఉండనియ్యి బిడ్డా, అది గట్లనే ఉంటది," అన్న.