గడ్డి అడ్డమొస్తే

చిట్టితల్లీ,

ఓడ మీది నుంచి ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో అయితే నేను "తిన్నావా" అంటాను, నువ్వు "తిన్నాలే అమ్మా" అంటావు, అక్కడికి సరి. ఈ సంగతి అలా చెప్పేది కాదు. ఇక్కడ పుస్తకాల గది ఒకటుంది, మధ్యాహ్నం పూట ఈగ కూడా వాలదు. మీ నాన్న కింద క్యాబిన్లో కాలు దిండు మీద పెట్టుకుని పడుకున్నారు. నిన్న స్నానాలగదిలో జారారు. ఎముకకేం కాలేదు, బెణికిందంతే. మూలుగు మాత్రం రెండు కాళ్ళకు సరిపడా ఉంది.

ఈ రోజు ఓడ ఒక రేవులో ఆరు గంటలు ఆగింది. దిగినవాళ్ళను పక్కనే ఉన్న గుట్ట మీదికి నడిపించి, పిట్టల్నీ పువ్వుల్నీ ఫోటోలు తీయించే కార్యక్రమం ఒకటుంది, గైడుతో సహా. మీ నాన్న ఈ ప్రయాణానికి ఒప్పుకున్నదే దానికోసం. కాలు నేల మీద ఆనకపోయేసరికి కెమెరా తీసి నా మెడలో వేశారు. "నువ్వెళ్ళి నొక్కేసి రా. ఎలా వచ్చినా ఫరవాలేదు, తర్వాత నేను బాగుచేస్తా" అన్నారు. ముప్పై రెండేళ్ళు స్టూడియోలో ఉన్నానే, ఒక్కనాడు నా చేత బటన్ నొక్కించారా? స్టాండు మోశాను, లైటు పట్టుకున్నాను, ఏడ్చే పిల్లల ముందు కోతి వేషాలు వేశాను, వెనకగదిలో డెస్కు ముందు వంగి ఊళ్ళోవాళ్ళందరి మొహాలూ పెన్సిలుతో శుభ్రం చేశాను. నొక్కడం మాత్రం ఆయన హక్కు.

మొత్తం పద్నాలుగు మందిమి. ఒక్కొక్కరి లెన్సూ మోచెయ్యంత ఉంది, నాది అరచెయ్యంత. గైడుకు ముప్పై ఏళ్ళుంటాయేమో. పెద్ద అంచుల టోపీ, గొంతు మాత్రం హెడ్మాస్టరుది. బాట దిగొద్దు, దేన్నీ ముట్టుకోవద్దు అని బస్సు దిగకముందే మూడుసార్లు చెప్పింది. గుట్ట సగం ఎక్కాక చెయ్యెత్తి ఆపింది. బాట పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, గడ్డి దుబ్బులో ఒక పిట్ట గుడ్ల మీద కూర్చుని ఉంది. అచ్చం మట్టిరంగు. ఆ అమ్మాయి చూపించకపోతే తొక్కేసి ఉండేవాళ్ళం. నడిచేవాళ్ళకు అలవాటుపడింది కాబట్టి లేవదట.

నా వంతు వచ్చింది. కెమెరాలోంచి చూస్తే రెండు ఎండు పోచలు సరిగ్గా దాని కంటికి అడ్డంగా ఉన్నాయి. ఇంక చెప్పాలా? కంటి మీద వెంట్రుకుంటే తీసెయ్యి, బుగ్గ మీద మొటిమ ఉంటే పూడ్చెయ్యి, ఇదే కదా నా చేతికి వచ్చిన విద్య. నేను అనుకోనే లేదు, చెయ్యే వెళ్ళింది. పోచలు పట్టుకుని లాగేశాను. వాటితో పాటు సగం దుబ్బు పక్కకు ఒరిగిపోయింది. పిట్ట బుర్రున లేచింది. మూడు గుడ్లు ఎండలో బయటపడ్డాయి.

గైడు అరవలేదు. అరిచినా బాగుండేది. "అమ్మా, ఆ గడ్డి దానికి గొడుగు, తలుపు, అన్నీ అదే. పైనుంచి గద్ద చూడకుండా కాపాడేది కూడా అదే. మీకు అడ్డమొస్తే మీరు వంగండి. దాన్ని పీకడానికి మీరెవరు?" అంది. పద్నాలుగు మందిలో తల కొట్టేసినట్టయింది. ఒరిగిన గడ్డిని తనే నిలబెట్టి, వెనక రాయి ఆనించి, అందర్నీ మలుపు దాకా వెనక్కి నడిపించింది. "ఓడ మనకోసం ఆగదు కదా" అని ఒక పెద్దమనిషి సణిగితే, "పిట్ట వచ్చేదాకా ఎవరూ కదలరు, ఓడ సంగతి నేను చూసుకుంటా" అంది. ఇరవై నిమిషాలు కుక్కిన పేనులా కూర్చున్నాను. అంతసేపూ నాకు నువ్వే గుర్తొచ్చావు.

మొన్న గోడలకు రంగులేద్దామని ఫ్రేములు దించాం చూడు. నీ ఐదో ఏటి ఫోటో చేతిలోకి తీసుకుని, "ఈ పిల్లెవరమ్మా? మనింట్లో నా ఫోటో ఒక్కటీ లేదే!" అని నవ్వావు. నేనేదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను వదల్లేదు. నీ ఎడమ బుగ్గ మీద చెవి కింది నుంచి దవడ దాకా ఉన్న మచ్చ నీతోనే పుట్టింది. "ఫోటోలో ఎందుకులే, కొంచెం టచింగ్ చెయ్యి" అని మీ నాన్న నెగటివ్ ఇచ్చేవారు. నల్లమచ్చ నెగటివ్‌లో తేటగా ఉంటుంది. సన్నగా చెక్కిన పెన్సిలుతో చుక్క మీద చుక్క నింపితే ప్రింటులో మాయం. ప్రతి పుట్టినరోజుకూ నింపాను. ఆయన చెప్పారు, నేను చేశాను అంటే సగం అబద్ధం. ఆయన చెప్పకపోయినా చేసేదాన్ని. పదహారో ఏట నువ్వు కెమెరా చూస్తే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టావు. సిగ్గేమోలే అనుకున్నాను. సిగ్గుపడాల్సింది నేను.

పిట్ట వచ్చింది. ఈసారి బాట మీద బోర్లా పడుకున్నాను, ఈ మోకాళ్ళతో. కిందినుంచి చూస్తే పోచల మధ్య సందులోంచి కన్ను, ముక్కు కనిపించాయి. ఆ ముక్కు వంకర! కింది భాగం ఒక పక్కకు తిరిగిపోయి ఉంది. "పుట్టుకతోనే అంత. నాలుగేళ్ళుగా వస్తోంది, ఆ ముక్కుతోనే పిల్లల్ని పెంచుతోంది" అని గైడు నా చెవిలో చెప్పింది. నొక్కాను. నా జీవితంలో మొదటి ఫోటో. పోచ అడ్డంగానే ఉంది, ముక్కు వంకరగానే ఉంది.

ఎల్లుండి భోజనాల హాల్లో ఈ నడక ఫోటోలు బోర్డు మీద పెట్టి, బాగున్నదానికి బహుమతి ఇస్తారట. నాది ఉన్నదున్నట్టు, నా పేరుతో పెడతాను. మీ నాన్న ఏమన్నా అననీ.

నీ అమ్మ

*

చిట్టితల్లీ,

మొదటి ఉత్తరం చేరిందో లేదో. అయినా ఇది రాయక తప్పదు.

నేను బట్టలు ఉతకడానికి ఇచ్చి వచ్చేలోపు మీ నాన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పని కానిచ్చేశారు. గడ్డి తీసేశారు. ముక్కు తిన్నగా చేశారు. స్టూడియో పేరు వేసి, ఎవరి చేతికో ఇచ్చి పంపించేశారు. నాకు చెప్పనైనా లేదు. హాల్లోకి వెళ్ళేసరికి బోర్డు నడిమధ్యలో అదే ఉంది. ఓడ ఫోటోగ్రాఫర్ దాన్నే మొదటిదిగా ఎంచాడు. చప్పట్లు. మీ నాన్న కర్ర ఆనించుకుని లేచి, చిరునవ్వుతో చెయ్యి ఊపుతున్నారు.

నన్ను నోట్లో నాలుక లేనిదాన్నంటారు కదా. లేచాను. "ఆ పిట్ట ఈ భూమ్మీద లేదండీ" అన్నాను. నా గొంతు అంత దూరం వెళ్తుందని నాకే తెలియదు. నడుచుకుంటూ వెళ్ళి దాన్ని ఊడబీకాను. కెమెరా కార్డులో అసలు ఫోటో ఉంది కదా, బోర్డుకని ముందే కౌంటర్లో చిన్న ప్రింటు వేయించి సంచిలో పెట్టుకున్నాను. దాన్ని ఆ పిన్నులతోనే గుచ్చి, కింద నా పేరు రాశాను. బహుమతి ఇంకెవరికో ఇచ్చుకున్నారు. ఇచ్చుకోనీ. "పరువు తీశావ్" అన్నారు మీ నాన్న. "పరువు వంకరగా ఉంటే మీరే తిన్నగా చేసుకోండి, మీకు వచ్చిన పనేగా" అన్నాను. రెండు పూటలు మాటల్లేవు. ఈ పొద్దున టీ తాగుతూ, "ఆ ముక్కు నిజంగా అలాగే ఉందా?" అని అడిగారు. ఉందన్నాను.

ఇప్పుడు నా నిర్ణయం విను. నెగటివ్ మీద పెన్సిలు శాశ్వతం కాదు. స్పిరిట్‌లో తడిపిన దూదితో మెల్లగా తుడిస్తే వచ్చేస్తుంది. నీ నెగటివ్‌లు ఇరవై మూడు, వెనకగదిలో రేకు డబ్బాలో ఉన్నాయి. ఇంటికి రాగానే నా చేత్తో దిద్దినవన్నీ నా చేత్తోనే తుడుస్తాను. పెద్ద ప్రింట్లు వేయించి వీధివైపు అద్దాల షోకేసులో పెడతాను, పెళ్ళికూతుళ్ళందర్నీ దించేసి. వచ్చేపోయేవాళ్ళందరూ నా కూతుర్ని చూడాలి. మీ నాన్న కాదంటే షట్టరు దించి తాళం నా కొంగున కట్టుకుంటాను. ఇంక ఎవరి మొహం మీదా పెన్సిలు పెట్టను. ఇది ఖాయం.

నీ అమ్మ

*

అమ్మా,

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. ఇది స్టూడియో అడ్రసుకే పంపుతున్నాను. నువ్వు షట్టరు ఎత్తేసరికి కింద పడి ఉంటుంది. డబ్బా దగ్గరికి వెళ్ళకముందే చదువు.

ముందు సంతోషం చెప్తాను. నువ్వు హాల్లో లేచి నిలబడి ఊడబీకావని చదివి, మా డ్రైవింగ్ స్కూల్లో అందరికీ చెప్పాను. "మీ అమ్మేనా?" అన్నారు. మా అమ్మే అన్నాను.

ఇక కోపం. డబ్బా ముట్టుకోకు. అమ్మా, నువ్వు మళ్ళీ గడ్డి పీకుతున్నావ్. చిన్నప్పుడు నన్ను అడక్కుండా మూసేశావు. ఇప్పుడు నన్ను అడక్కుండా తెరుస్తానంటున్నావు. వీధివైపు షోకేసులో, పెద్ద ప్రింట్లు! అందరూ చూడాలని నువ్వు రాశావు, నేను రాయలేదు. పదహారేళ్ళప్పుడు నేను మొహం తిప్పుకున్నది మచ్చ కనిపిస్తుందని కాదు. తీసినా మీరు మళ్ళీ నన్ను నేను కాకుండా చేస్తారని. నేను రోజుకు ఎనిమిది మందికి కారు నేర్పుతాను. ఎనిమిదిసార్లు అద్దం సర్దుతాను, ఎనిమిదిసార్లు నా మొహం నాకు కనిపిస్తుంది. దానికీ నాకూ ఏ పేచీ లేదు. పేచీ మీ ఇద్దరితోనే.

ఆ నెగటివ్‌లు అలాగే ఉండనీ. నువ్వు దిద్దుతుంటే నేను ఆ డెస్కు కింద కూర్చుని పెన్సిలు చెక్కిన పొట్టు ఏరుకునేదాన్ని, గుర్తుందా? అవి నా ఫోటోలు కావు, నీవి. నువ్వు భయపడిన రోజులవి. వాటినీ ఇప్పుడు తుడిచేసి శుభ్రంగా ఉన్నట్టు చూపించకు.

నా ఫోటో కావాలంటే నన్ను తియ్యి. పాత నన్ను కాదు, ముప్పై ఏళ్ళ నన్ను. ఆదివారం నాకు సెలవు. మెడలో ఆ కెమెరా వేసుకుని రా. నాన్నను కూడా తీసుకురా, స్టాండు మోయడానికి. లైట్లు వద్దు, పౌడరు వద్దు, "గడ్డం కొంచెం ఎత్తు" అని ఎవరూ అనొద్దు. తీశాక షోకేసులో పెట్టాలా, నీ పెట్టెలో దాచుకోవాలా అన్నది నేను చెప్తాను.

కార్లో నా సీట్లో, అదే నేర్పేవాళ్ళు కూర్చునే ఎడమవైపు సీట్లో, కూర్చుని ఉంటాను. పక్క కిటికీలోంచి చూస్తే ఎడమ బుగ్గ కనిపిస్తుంది. కిటికీ అంచు కొంచెం అడ్డమొస్తుంది. నేను కదలను. వంగాల్సింది నువ్వే.

నీ ఎడమ బుగ్గ మచ్చ పిల్ల