పత్తి చేనులో బంతి నారు

వ్యవసాయ అధికారి గారికి,

మా దేవుణ్ణి మీరు నమ్మకపోయినా, ఆయన పేరనే మీకు వందనాలు.

పత్తి సాళ్ల మధ్య బంతి ఉంటే కాయతొలిచే పురుగు దాని మీదికే పోతుందని మీరిచ్చిన నారు, మా ప్రార్థన మందిరం అరుగు మీద తడిగోనెలో వడిలిపోతోంది. సంఘంలో ఎవరూ దాన్ని ముట్టడం లేదు. విగ్రహాలకు వేసే పువ్వులని వాళ్ల పెరళ్లలో బంతి పీకించినవాణ్ణి నేనే. మొన్న ఆదివారం మాత్రం, సృష్టి మూడో దినాన పుట్టిన పువ్వుకు తర్వాత మనిషి చెక్కిన విగ్రహంతో ఏం పని అని బల్ల గుద్ది అడిగాను.

ఉప్పలమ్మ లేచింది. పోయినేడు ఆమె చేనంతా పురుగుపాలైంది. ఈసారీ పోతే ఊరొదిలి కూలికి పోవలసిందే.

"పీకుమన్నది నువ్వే, పెట్టుమన్నది నువ్వే. గా పువ్వు పూసినంక మా చెల్లె బతుకమ్మకు అడుగుతది. ఏం జెప్పాలె అయ్యగారూ?"

అందరూ నవ్వారు. నేను గ్రంథం తెరిచాను, మళ్లీ మూశాను. పోయినేడు ఉప్పలమ్మ పిల్లలకు గంజి పోసింది ఆ చెల్లెలే.

"ఇయ్యి" అన్నాను.

సంఘపెద్దలు లేచి వెళ్లిపోయారు. వాళ్ల వెనకే మిగతావాళ్లూ. ఉప్పలమ్మ మాత్రం వెళ్తూ వెళ్తూ ఒక నారుకట్ట చంకన పెట్టుకుంది.

ఎన్ని పత్తి సాళ్లకు ఒక బంతి సాలు పెట్టాలో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. నారు చావకముందే, ఈ వచ్చే ఆదివారం వచ్చి చూపించండి. మందిరానికి రాకండి, అక్కడ ఎవరూ ఉండరు. నేనూ ఉప్పలమ్మ చేనులోనే ఉంటాను.

ఇట్లు,
టేకులపల్లి బోధకుడు