పెట్టె కంటే పెద్దది

పూజ్యురాలూ, నా చెవులకు ఆజన్మ శత్రువూ అయిన అక్కకు తమ్ముడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేనూ, గోడమీది బల్లీ క్షేమం. అక్కడ నువ్వూ, బావా, బుజ్జిదీ క్షేమమని తలుస్తాను.

నీ ప్రశ్నలకు జవాబులు. తింటున్నాను. చొక్కాలకు ఇస్త్రీ చేస్తున్నాను, ముందు భాగానికి మాత్రమే; వెనక భాగం నాకు కనపడదు కనుక అది ప్రజల సమస్య. మా మందుల గోదాములో పోయిన నిద్రమాత్రల పెట్టె నేను తీయలేదు. ఇక, గడియ పెట్టావో లేదోనని మూడోసారి ఇంటికి వెనక్కొచ్చి బస్సు పోగొట్టుకున్నావనీ, బావ వారంగా ఆటపట్టిస్తున్నాడనీ రాశావు. దాని సంగతి చివర్లో.

ఆ పెట్టె ఉన్న బీరువా తాళంచెవులు ముగ్గురి దగ్గరే ఉంటాయి, అందులో నేనొకణ్ణి. ముగ్గురూ అబద్ధాలు పట్టే మిషను ముందు కూర్చోవాలన్నారు. ఇష్టం లేకపోతే మానేయొచ్చట, ఉద్యోగంతో సహా.

మిషను నడిపేది కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకున్న ఒక పెద్దావిడ. తీగలు తగిలించకముందే ప్రశ్నలన్నీ చదివి వినిపించింది. పేపరు అధికారికంగా లీకైన పరీక్ష నా జన్మలో ఇదొక్కటే. ఈ రోజు మంగళవారమా? పెట్టె మీరు తీశారా? మిమ్మల్ని నమ్మినవాళ్ళకు ఎప్పుడైనా అబద్ధం చెప్పారా? మూడోది చదువుతూ, తాళంచెవి ఇచ్చేంత నమ్మకస్తుడు అలాంటి పని చేసి ఉండడులే అని గొంతు సవరించుకుంది. బుద్ధిమంతుడెవడైనా గుటక వేసి ‘లేదు’ అంటాడు. నేను చదువుకున్నవాణ్ణి కదా, చిట్టా విప్పాను. సెలవుల కోసం ఒకే అమ్మమ్మను రెండుసార్లు చంపానన్నాను. బావ పాట బాగుందన్నానని కూడా ఒప్పుకున్నాను. ఆవిడ ఓపిగ్గా అన్నీ రాసుకుని, నిట్టూర్చి, ప్రశ్న మార్చింది.

“సరే బాబూ. ఇప్పుడు చెప్పినవి కాక, ఇంకేమైనా ఉన్నాయా?”

“లేవండి” అన్నాను.

ఛాతీకి రబ్బరు గొట్టం, జబ్బకు పట్టీ, రెండు వేళ్ళకు రేకులు తగిలించింది. అవే ప్రశ్నలు మూడు విడతలు, మధ్యమధ్య అరనిమిషం మౌనం. పెట్టె మాట వచ్చినప్పుడల్లా నా పని అయిపోయిందనుకున్నాను. “చెప్పినవి కాక” అన్నప్పుడు మాత్రం వేళ్ళు చల్లబడి, నువ్వు మెలిపెట్టే చెవులు వేడెక్కాయి.

అయ్యాక ఆవిడ తెర నా వైపు తిప్పింది. అక్కా, అది చూసి నా నోరు మూతపడింది, తారీఖు రాసిపెట్టుకో. పెట్టె ప్రశ్న దగ్గర గీతలు చిన్న గతుకులు. మూడో ప్రశ్న దగ్గర కొండ. మూడు విడతల్లోనూ అక్కడే, అదే కొండ. నా లోపల ఇన్నేళ్ళుగా ఉన్నదాన్ని నేనెప్పుడూ అంత ఎత్తున చూడలేదు.

“ఇది అబద్ధాన్ని పట్టదు బాబూ” అంది. “దొంగకు పెట్టె ప్రశ్న భయం. కానివాడికి ఈ ప్రశ్న భయం. ఏది పెద్దదో పోల్చి చూస్తాం. ఒక్కోసారి మేమూ పొరబడతాం. కానీ నీకు పెట్టె కంటే పెద్దది ఇంకేదో ఉంది. అదేంటో నేనడగను.”

పెట్టె ఇంకా దొరకలేదు. నా ఉద్యోగం మాత్రం నిలబడింది. దాన్ని నిలబెట్టింది నా నిజాయితీ కాదు, నేను దాచుకున్న ఆ ఒక్క అబద్ధం. అది నీకు చెప్పినది.

నీ తెల్ల కుందేలు గుర్తుందా, మనం దొరగారని పిలిచేవాళ్ళం? నాకు తొమ్మిదేళ్ళు. దొరగారికి నాన్న టోపీ పెడితే ఎలా ఉంటాడో చూద్దామని ఆ సాయంత్రం గూడు తెరిచాను. టోపీ బాగానే నప్పింది. పొద్దున గూడు ఖాళీ. నువ్వు గూటి ముందు కూర్చుని, “నేనే గడియ వేయలేదేమోరా” అన్నావు. నేను ఊరుకున్నా సరిపోయేది. “అవునక్కా, ఆఖర్న గూటి దగ్గరికి వెళ్ళింది నువ్వేగా” అన్నాను.

అప్పటినుంచే నువ్వు ప్రతి గడియా మూడుసార్లు చూస్తున్నావు. అందరం నవ్వుతాం. అందరికంటే గట్టిగా నేనే నవ్వుతాను.

ఆ రోజు గడియ నువ్వు వేశావక్కా. గట్టిగానే వేశావు. తీయడానికి నాకు రెండు చేతులూ కావలసివచ్చాయి.

రేపు బయటికెళ్ళేటప్పుడు ఒక్కసారే చూసుకుని బస్సెక్కు. చెవులు సిద్ధంగా ఉంచాను.

ఇట్లు,
టోపీ పెట్టి గడియ మరిచిన
నీ తమ్ముడు