కనిపించిందని సంతకం పెట్టిన నీహారిక

చెల్లీ,

ఇవాళ నీ సంవత్సరికం. వచ్చినవాళ్ళకి వడ్డించి పంపేసరికి ఒళ్ళు సహకరించలేదు. అయినా ఏడు గంటలకి మేడెక్కాను, మనవరాలు నీ టెలిస్కోపు సిద్ధం చేసిందని.

మూడు చుక్కల వరుస కింద, నువ్వు నీహారికని చూపించే చోటే పెట్టింది. "అప్పా, పొగలాగ ఉన్నాది సూడు. సుక్కలు పుట్టేది అక్కడే," అనేదానివి. నాకు ఎప్పుడూ చీకటి తప్ప ఏమీ కనబడలేదు. ఓ రోజు మోకాళ్ళ నొప్పికి ఓర్చుకోలేక, కిందికి పోవచ్చునని, కనిపించిందన్నాను. నువ్వు వెంటనే నోటుపుస్తకం తెచ్చి, "అయితే సంతకం ఎట్టు," అన్నావు. ఏది చూసినా ఇద్దరం సంతకం చేయాలన్న నియమం నాదే. చేశాను. చేయని ప్రయోగం రాసుకొచ్చిన పిల్లల చేత మళ్ళీ మొదటినుంచి రాయించిన టీచరుని నేను.

పోయిన నెల కంట్లో శుక్లం తీయించుకున్నాను. ఇవాళ కనబడింది. నల్లగుడ్డ మీద విభూది ఊదినట్టు ఉంది. అందులో నాలుగు చిన్న చుక్కలు.

"అమ్మమ్మా, ఏటలా ఉండిపోయావు? నాకూ సూడనీ," అంది పిల్ల.

కిందికొచ్చి పాత సంతకం కొట్టేశాను. ఇవాళ్టి తేదీ వేసి మళ్ళీ చేశాను. పక్కన తనూ చేస్తానంది పిల్ల. పొగలో ఎన్ని చుక్కలున్నాయో చెప్పమన్నాను. నాలుగంది. అప్పుడు కలం ఇచ్చాను.

ఎన్ని చుక్కలున్నాయని ఆ రోజు నువ్వు నన్ను అడగనే లేదు.

అప్ప