సీతాదేవి కారు నేర్చుకోలేదు

వెర్రిబీ,
ఉగాది వెళ్ళిన ఆదివారం

వైశాలీ,

ఇక్కడ అమ్మా నేనూ కులాసా. కథల పోటీలో మొదటి బహుమతి కొట్టినదానివి, డార్విన్‌లో నీ కులాసాకేం లోటు? ఈ ఉత్తరం చివర నీతో స్నేహం చాలిస్తున్నానని రాయబోతున్నాను. ముందే చెప్పేస్తున్నాను, నా పద్ధతి అంతే కదా. మెసేజ్ పెడితే సగంలోనే నవ్వు బొమ్మ పంపిస్తావు, నా కోపం చెదిరిపోతుంది. అందుకే కాగితం.

మన తెలుగు సంఘం ఉగాది సంచిక నిన్న వచ్చింది. ఇక్కడ కాలాలు తలకిందులు, ఉగాదికి చలి మొదలు కనుక అమ్మ హీటర్ పక్కన కూర్చుని తెరిచింది. అమ్మ అలవాటు నీకు తెలుసు, ఏ కథైనా ముందు చివరి పేజీ చూస్తుంది. "ఎవరు పోతారో ఎవరుంటారో తెలిస్తే నింపాదిగా చదువుకోవచ్చే" అంటుంది. నా కథ చివర చూసింది. 'సీతాదేవి కారు నడపడం ఎప్పటికీ నేర్చుకోలేదు' అని ఉంది. "అయ్యో పాపం, ఇన్ని పేజీలు తిప్పలు పడీ రాలేదా!" అని పక్కన పెట్టేసింది. కన్నకూతురి కథ, వైశూ!

ఆ వాక్యం అసలు ఎక్కడుండేదో గుర్తుందా? అదే నా మొదటి వాక్యం. 'సీతాదేవి కారు నడపడం ఎప్పటికీ నేర్చుకోలేదు. ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇది కారు కథ కాదు.' నువ్వింకా ఇక్కడే ఉన్నప్పుడు, లైబ్రరీలో మన శనివారం కథల గుంపులో చదివాను. శేషగిరి అంకుల్ కళ్ళజోడు తీసి, "అమ్మా లాస్యా, సస్పెన్స్ ఫస్ట్ లైన్‌లోనే చంపేస్తే సెకండ్ లైన్ ఎవరు చదువుతారమ్మా? ఏ రైటింగ్ వీడియో చూసినా మొదటి రూల్ అదే" అన్నారు. నువ్వు పకపకా నవ్వి, "పెళ్ళి భోజనం పెట్టేసి శుభలేఖ ఇచ్చినట్టుందే" అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఆ వాక్యాన్ని తీసుకెళ్ళి చివర పడేశాను. నాకు నచ్చి కాదు. హరికథకి వెళ్ళేవాళ్ళలో ముగింపు తెలియనిదెవరికి? అయినా తెల్లవార్లూ వింటారు. నా రుచి అది. కానీ యూనివర్సిటీలో చదువుకున్నదాన్ని కదా, నా నాలుక కంటే నలుగురి మాట మీద గురి ఎక్కువ.

తర్వాత అమ్మ నీ కథ తెరిచింది. 'కేశవరావు బతికాడు. కంగారు పడకుండా వినండి' అని మొదలు! అమ్మ కాళ్ళు సోఫా మీదికి ముడుచుకుని, నవ్వుకుంటూ మళ్ళీ మళ్ళీ చదివింది. "చూడవే, మొదట్లోనే మనసు కుదుటపరిచింది. ఇదీ రాయడమంటే" అంది, నా మొహం మీదే.

నీ కథ బాగుంది. అదే నా ఏడుపు. బాగోకపోతే వెంటనే ఫోన్ చేసి మెచ్చుకునేదాన్ని. బహుమతి నువ్వే ఉంచుకో. నీ కథ చదువుతూ అమ్మ నవ్విన నవ్వు మాత్రం నాది. నా తోవన నన్ను పోనివ్వకుండా నవ్వి, ఆ తోవనే నువ్వు వెళ్ళావు. ఇక కథలు రాయను. నీకు ఉత్తరాలూ రాయను.

ఒకప్పటి నీ
లాస్య

* * *

డార్విన్

లాసీ,

ముందు ముగింపు చెబుతున్నాను. నువ్వన్నది నిజం, ఆ మొదలు నీ దగ్గరే తీసుకున్నాను. ఇక ఎలాగో విను.

మొన్న వానల్లో మా ఆసుపత్రి వార్డుకి ఒక తెలుగు పెద్దాయన వచ్చారు. నా కథలో కేశవరావు ఆయనే, పేరు మార్చాను. "మీ భాషే కదా, వాళ్ళావిడకి నువ్వే ఫోన్ చెయ్" అన్నారు తోటి నర్సులు. నేను వరసగా చెప్పుకొచ్చాను. "ఆంటీ, పొద్దున అంకుల్ బాత్రూమ్‌లో జారారు, తలకి దెబ్బ తగిలింది, అంబులెన్స్ వచ్చింది..." అవతల ఫోన్ కింద పడింది. 'ఇప్పుడు కాఫీ అడుగుతున్నారు' అనేది నా నోట్లోనే ఉండిపోయింది. ఆంటీ ఏడుస్తూ వచ్చి, ఆయన్ని చూసి, నా భుజం మీద ఒక్కటేశారు. "ఆ ముక్క ముందు చెప్పొద్దటే పిల్లా!"

అప్పుడు సీతాదేవి గుర్తొచ్చింది. ఇప్పుడు ఎవరింటికి ఫోన్ చేసినా చివరిమాటతోనే మొదలుపెడతాను. ఒక్కరూ ఫోన్ పెట్టెయ్యరే. అప్పుడే ఊపిరి పీల్చుకుని, "ఎలా జరిగిందమ్మా?" అంటారు.

ఆ రోజు ఎందుకు నవ్వానో కూడా చెప్పేస్తాను. అలాంటి వాక్యం నాకు తట్టదని ఒళ్ళు మండింది. సంచికకి పంపేముందు నీ కథ ఫోన్‌లో వినిపించావు, ఆ వాక్యం చివర్లో ఉంది. మొదట్లోనే ఉంచమని నేను చెప్పలేదు. నువ్వు పారేశావు, నేను ఏరుకున్నాను. వెనక్కి తీసుకో.

వైశాలి

* * *

వెర్రిబీ

వైశూ,

అసూయ పోలేదు, ముందే చెబుతున్నాను. స్నేహమూ పోలేదు. నువ్వూ నా మీద కుళ్ళుకున్నావని చదివాక రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటికి తెచ్చాను. చివర ఖాళీ అయితే, సీతాదేవిని మొగుడి పక్కసీట్లో కూర్చోబెట్టి, "ఎడమకి తిప్పండి. ఆ ఎడమ కాదు" అనిపించాను. శేషగిరి అంకుల్ విని, "రూల్ తప్పావమ్మా" అన్నారు. "తప్పాను అంకుల్" అన్నాను. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఆ మొదలు ఇంకోసారి చదువు" అన్నారు. ఆయన చెప్పిన ఇంకో మాట మాత్రం విన్నాను. వెర్రిబీ గాలి మీద రాసుకున్న పేజీన్నర తీసేశాను. దాన్ని ప్రేమించేది నేనొక్కదాన్నే.

సాయంత్రం కాగితాలు అమ్మకిచ్చాను. వంకాయ కూర స్టవ్ మీద పెట్టి వచ్చి, అలవాటుగా చివరి పేజీ తిప్పింది. "ఎవరిదే ఈ మాట, అచ్చం నాలాగే ఉందే?" అంది. మొదటి పేజీకి వెళ్ళింది. కూర్చుంది. కాళ్ళు సోఫా మీదికి ముడుచుకుంది.

కూర అడుగంటింది వైశూ. అమ్మ ముక్కుకి ఆ వాసనే తగల్లేదు. నేను పిలవలేదు. చప్పుడు చెయ్యకుండా వెళ్ళి స్టవ్ ఆపి వచ్చాను.

ఇంకా కొంచెం కుళ్ళుకుంటూనే, నీ
లాస్య