సత్యవేడు వాగులో చిప్ప

కృపారాణికి, ప్రభువు కాపుదలలో ఇద్దరమూ క్షేమం. ఈ వాగు దగ్గర ఫోను పలకదు గనుక కార్డు రాస్తున్నాను. మన అమ్మాయి కోమలి రాళ్ల పరిశోధన మాన్పించి ఇంటికి తీసుకురమ్మని నన్ను పంపించావు. తీసుకురావడం లేదు. బెంగపడకు, తోడుగా ఇంకో ఇద్దరు ఆడపిల్లలున్నారు.

నిన్న ఒడ్డున రాతిపొరలో సముద్రపు చిప్ప కనబడింది. "నోవహు జలప్రళయానికి సాక్ష్యం!" అని కేకవేసి, సంఘానికి చూపిద్దామని సుత్తితో పెరికేశాను. పిల్ల ముఖం వాడిపోయింది.

"ఏ పొరలో ఉండాదో గుర్తు పెట్టకుండా పెరికితే అది ఉత్త రాయే నాయనా. అధ్యాయం వదిలేసి ఒక్క వచనం చించుకొచ్చి వాదించేటోళ్లని నువ్వేమంటావు?"

"అబద్ధ బోధకులంటాను."

"మరి నువ్వు ఇప్పుడు చేసిందేంది?"

చిప్పను తీసుకెళ్లి పెరికిన గుంటలోనే పెడితే సరిగ్గా కూర్చుంది. తర్వాత కోమలి కింది పొర నుంచి పైదాకా నాకు చదివి వినిపించింది. జలప్రళయం సంగతి మా మధ్య ఇంకా తేలలేదు, తేలేదాకా వాదిస్తాను. కానీ ముందూ వెనకా చూసి చదవమని వాక్యంలో నేను నేర్పిందే అది రాతిలో చేస్తోంది. దాన్నెలా మాన్పించేది?

నువ్వు తెప్పించిన బీఈడీ దరఖాస్తు వెనక్కిచ్చెయ్యి. నా కళ్లద్దాలు, కాస్త రాగిపిండి మీ తమ్ముడు సుకుమార్ చేత పంపు. పొదిగిన కోడి పిల్లల్ని లేపిందా? ఆదివారం వాక్యం సుకుమార్‌నే చెప్పమను, అధ్యాయమంతా చదవమను.

దేవుని సమాధానం మన ఇంటి మీద నిలుచును గాక. నేను ఇంకో వారం ఇక్కడే ఉంటాను. సుత్తి మాత్రం కోమలి నా చేతికివ్వడం లేదు.

మునిరత్నం