ఉప్పు గోదాము నాటకశాల

టార్బెట్ రేవు, నోవా స్కోషియా
1994 నవంబరు 20, ఆదివారం

తమ్ముడు కాలమ్‌కు,

ఇక్కడ అందరం క్షేమం అని ఎప్పుడూ మొదలుపెడతాను. ఈసారి ఆ ‘అందరం’ దగ్గర పెన్ను ఆగిపోయింది. నా ఒంట్లో బాగానే ఉంది. చలికి మోకాళ్ళ నొప్పి ఎక్కువైంది, అంతే. నీ దగ్గు తగ్గిందో లేదో రాయలేదు. గనిలోంచి బయటికొచ్చాక తడి బట్టలతో ఉండకు.

నువ్వు అడిగినవి వరసగా చెబుతాను. ఇంటి పైకప్పు బాగు చేయించాను, ఇప్పుడు కారడం లేదు. చేపల ఫ్యాక్టరీ మళ్ళీ తెరుస్తారన్నది ఉత్త మాట. సముద్రంలో కాడ్ చేపే లేకపోతే తెరిచి ఏం చేస్తారు? మన వీధిలో నాలుగిళ్ళ కిటికీలకు చెక్కలు కొట్టేసి వెళ్ళిపోయారు.

ఆకులు రాలే కాలం నాటకం కరపత్రం ఈసారి పంపలేదేమని అడిగావు. నాటకం ఆడలేదు. నలభై రెండేళ్ళలో ఇదే మొదటిసారి.

నాటకాల కోసం అమ్మ ఆ ఉప్పు గోదాము అడగడానికి వెళ్ళిన రోజు నీకు గుర్తుండదు, అప్పటికి నీకు నాలుగేళ్ళు. నేను వెంట వెళ్ళాను. యజమాని పడీ పడీ నవ్వాడు. “టీచరమ్మా, ఉప్పుచేపల కంపులో కూర్చుని నాటకం ఎవరు చూస్తారండీ?” అన్నాడు. “ఆ కంపు లేని ఇల్లు ఈ ఊళ్ళో ఒక్కటి చూపించండి, అక్కడే ఆడతాం,” అంది అమ్మ. తాళంచెవి ఇచ్చేశాడు.

అప్పటినుంచీ ఏటా రెండు నాటకాలు. వసంతంలో లాబ్‌స్టర్ రొయ్యల పడవలు వేటకు కదలకముందు ఒకటి, ఆకులు రాలే కాలంలో ఒకటి. ఎవరికీ జీతం లేదు. మంగలి వెండల్ ముఖాలకు రంగు వేసేవాడు. అతను గడ్డం గీసేటప్పుడే ఎవరికి ఏ వేషం సరిపోతుందో చూసిపెట్టుకునేవాడు. పోస్టాఫీసు పెర్ల్ టికెట్లు అమ్మేది. ఉత్తరం తీసుకోవడానికి వెళ్ళినవాళ్ళు టికెట్ కొనకుండా బయటపడ్డం కష్టం. ఒకప్పుడు కుర్చీలు సర్దడానికే పదిమంది పోటీపడేవారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఈ సెప్టెంబరుకు వేషాలు వేసేవాళ్ళతో కలిపి పదకొండుమందిమి మిగిలాం. ఐదుగురు చేసే పని ఒక్కరి మీద పడేది. ఆ ఒక్కరు ఎప్పుడూ రసెలే. దీపాలు, తెర, సెట్టు, పొయ్యిలో కట్టెలు కూడా అతనివే. నాటకానికి దర్శకత్వం చెయ్యడం మాత్రం నా పని, అమ్మ పోయినప్పటినుంచీ.

ఇక నీ చివరి ప్రశ్న. రసెల్ పోయాక మూడు ఉత్తరాలు రాశావు, మూడింటిలోనూ అదే అడిగావు. అంత జాగ్రత్త గల మనిషి, పట్టుకునేవాళ్ళు లేకుండా నిచ్చెన ఎందుకు ఎక్కాడని. తెలియదని మూడుసార్లూ రాశాను.

తెలుసు కాలమ్. నిచ్చెన పట్టుకున్నది నేనే.

సెప్టెంబరులో ఆ శనివారం మధ్యాహ్నం రిహార్సల్ అయిపోయి అందరూ భోజనాలకు వెళ్ళారు. రెండో అంకంలో తల్లి పాత్ర కూర్చునే చోట వెలుతురు నుదుటి మీద పడుతోంది, కళ్ళు చీకట్లో ఉంటున్నాయి. నాకది నచ్చలేదు. సరిచెయ్యమన్నాను.

“రేపు ఆంగస్ వస్తాడు, నిచ్చెనకు మనిషి కావాలి కదా. రేపు చేస్తాను,” అన్నాడు రసెల్.

“నేను పట్టుకుంటాను. నేను మనిషిని కాదా?”

“నువ్వు డైరెక్టరువి తల్లీ. మనుషుల్లో ఎక్కడ లెక్కేస్తాం?” అని నవ్వి ఎక్కాడు.

పట్టుకున్నాను. కాసేపే. కింద నిలబడితే వెలుతురు ఎక్కడ పడుతోందో తెలియదు. ముందునుంచి చూడాలనిపించింది. అతనితో ఒక్క మాట చెప్పలేదు. చేతులు తీసేసి, నాలుగు వరసలు వెనక్కి నడిచి, ఖాళీ కుర్చీల మధ్య నిలబడ్డాను. “ఇంకొంచెం ఎడమకి,” అన్నాను. కిందనే ఉన్నాననుకున్నాడు. ఎడమకి వంగాడు. వెలుతురు సరిగ్గా ఆ కుర్చీ మీదికి వచ్చింది. “ఇప్పుడు బాగుందా?” అన్నాడు. “బాగుంది,” అన్నాను. అప్పుడు జారింది నిచ్చెన.

పోలీసులు అడిగితే దుస్తుల గదిలో ఉన్నానని చెప్పాను. ముందుగా అనుకున్న అబద్ధం కాదు. నోటినుంచి వచ్చేసింది, ఆ తర్వాత వెనక్కి తీసుకోలేదు. శ్మశానంలో నోరీన్ నా చెయ్యి వదల్లేదు. “నువ్వు చూడలేదు, అదొక్కటే నయం,” అంది. భర్త పోయిన మనిషి నన్ను ఓదార్చింది. ఓదార్చనిచ్చాను.

పోయిన నెల కమిటీ కూర్చుంది. నాటకశాల ఉంచాలా, మూసెయ్యాలా అన్నది మాట. ఏడుగురిలో ముగ్గురు ఉంచాలన్నారు, ముగ్గురు వద్దన్నారు. ఉంచమని అడగడానికి నోరీన్ స్వయంగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. నేను మూసెయ్యమని చెయ్యెత్తాను. ‘పాపం, తట్టుకోలేకపోతోంది’ అనుకున్నారు. నిజం అది కాదు. ఆ నాలుగో వరస మళ్ళీ చూడలేను, అందుకే అమ్మ కట్టిన దాన్ని ఊరికి లేకుండా చెయ్యబోయాను.

మంగళవారం నోరీన్ ఇంటికి వెళ్ళాను. రొట్టె పిండి పిసుకుతోంది. కూర్చోమంది. నిలబడే అంతా చెప్పాను. పిండిలోంచి చేతులు తియ్యలేదు.

“చివరికి ఏమన్నాడు?” అంది.

“‘ఇప్పుడు బాగుందా’ అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“బాగుందన్నాను.”

“విన్నాడా?”

“విన్నాడు. నావైపు తిరగబోయాడు.”

తల ఊపింది. చేతులు కడుక్కుంది. వేళ్ళ సందుల్లో పిండి పోయేదాకా కడుగుతూనే ఉంది.

“రెండు నెలలు,” అంది. “రెండు నెలలు నా వంటింట్లో టీ తాగావు.”

తువ్వాలుతో చేతులు తుడుచుకుంది.

“ఇప్పుడు ఆ తలుపులు కూడా మూసేస్తానంటావు. ఇరవై ఏళ్ళు ఆయన ఆదివారాలు ఇక్కడ లేడు మోరాగ్, అక్కడున్నాడు. నువ్వు చేసిన దానికి ఆయన చేసిన పనిని మూసేస్తావా?”

“మూయను.”

“అయితే వెళ్ళి వాళ్ళకు చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు, తగ్గించకుండా.” గుమ్మందాకా వచ్చింది. “మళ్ళీ రావద్దని అనడం లేదు. ఎప్పుడు రావాలో మాత్రం నేను చెబుతాను.”

గురువారం కమిటీకి చెప్పాను. ఎవరూ కేకలెయ్యలేదు. పెర్ల్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ముసలి వెండల్ తల వంచుకుని, “చెప్పాల్సింది తల్లీ, అప్పుడే చెప్పాల్సింది,” అన్నాడు. నా ఓటు ఉంచాలన్న వైపుకు మార్చాను. తాళంచెవి బల్లమీద పెట్టి వచ్చాను. శుక్రవారం పోలీసులకూ చెప్పాను, మొత్తం రాసుకున్నారు. ఏమవుతుందో ఇంకా చెప్పలేదు.

వసంతంలో నాటకం ఉంటుంది. ఆంగస్ నడిపిస్తాడు. ఈ మధ్యాహ్నమే వేషాల ఎంపిక. నోరీన్ కూడా పేరిచ్చిందట, జీవితంలో ఎప్పుడూ స్టేజీ మెట్టెక్కని మనిషి. పదహారో ఏటినుంచి నేను లేకుండా అక్కడ నాటకం చదవడం ఇదే మొదలు. ఏం చెయ్యాలో తోచక కూర్చుని నీకు రాస్తున్నాను.

నువ్వూ రసెలూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. ఉత్తరాన మీ గని దగ్గర సెప్టెంబరులోనే మంచు తుఫాను వచ్చి దారులు మూసుకుపోవడంతో అతని చివరి చూపుకు నువ్వు రాలేకపోయావు. నేనుండి కూడా నీకు నిజం రాయలేదు. కోపమొస్తే కోపంగానే రాయి. రాయలేకపోతే మానెయ్యి, అర్థం చేసుకుంటాను. ‘పరవాలేదక్కా’ అని మాత్రం రాయకు. ఆ మాట నోరీన్ అనలేదు. ఆమె అనని మాట నీ దగ్గర తీసుకోలేను.

ఇట్లు,
నీకు ఆలస్యంగా నిజం చెప్పిన
అక్క మోరాగ్